గ్యాస్ పట్టించే ముందు లీకు వెతకండి

ఏప్రిల్ వచ్చిందంటే కర్నూలు, కడపల్లో ఏసీ మెకానిక్కులకు తీరిక ఉండదు. ఉల్లిగడ్డలు, టమోటాలు, నాపరాళ్లు మోసే పాత పికప్‌లు షెడ్ల ముందు వరస కడతాయి. అందరిదీ ఒకటే బాధ: "ఏసీ వేస్తే వేడిగాలి వస్తాంది." చాలాచోట్ల జవాబూ ఒకటే: "గ్యాస్ అయిపోయిందన్నా, పట్టిస్తే సరిపోతాది." పట్టిస్తారు, చల్లగా అవుతుంది. నెల తిరక్కముందే మళ్లీ మొదటికొస్తుంది.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఏసీ గ్యాస్ డీజిల్ మాదిరి ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. బండి ముందున్న కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది, డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో ఆవిరై క్యాబిన్ వేడిని లాక్కుంటుంది. పాత బండిలో రబ్బరు పైపుల గుండా ఏళ్ల తరబడి కొంచెం కొంచెం తగ్గడం మామూలే. కానీ ఏటా ఖాళీ అవుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

అసలు తప్పు గ్యాస్‌దేనా అన్నది ముందు చూడాలి. బండి పరుగులో ఉంటే చల్లగా వచ్చి, టోల్‌గేటు దగ్గర ఆగితే వేడిగాలి వస్తోందా? అప్పుడు అనుమానించాల్సింది ఫ్యానును, కండెన్సర్‌ను. బేతంచెర్ల రాతి పొడి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము, ఆదోని దూది పీచు అన్నీ దాని రెక్కల మధ్యకే చేరతాయి. ఇంజిన్ చల్లబడ్డాక మెల్లని ధారతో నీళ్లు కొట్టి కడిగితే చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టి కొడితే మాత్రం రెక్కలు వంగిపోయి గాలికి దారి మూసుకుంటుంది. బ్లోవర్ గాలే తక్కువగా ఉంటే కూలింగ్ కాయిల్ మీద దుమ్ము పట్టిందేమో చూడండి. కంప్రెసర్ క్లచ్ పట్టుకోకపోతే ఫ్యూజు, రిలే, వైరింగు కూడా చూడాలి.

లీకు వెతకడంలో మన దుమ్మే మనకు సాయం చేస్తుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, లీకైన చోట ఆ జిడ్డు బయటికొచ్చి దుమ్ము నల్లగా అంటుకుంటుంది. పైపు జాయింట్లు, కండెన్సర్ అంచులు, కంప్రెసర్ ముందు భాగం లైటు వేసి చూడండి. కంటికి కనబడకపోతే మెకానిక్ నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగతో పట్టుకుంటాడు, లేదా రంగు కలిపి అతినీల లైటుతో చూస్తాడు. చాలాసార్లు తప్పు చిన్న ఓ-రింగుదే అయి ఉంటుంది.

లీకు సరిచేశాక నేరుగా గ్యాస్ ఎక్కించకూడదు. వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడిపి లోపలి గాలి, తేమ తీసేయాలి. తేమ మిగిలితే వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది, ఆయిల్‌తో కలిసి లోపలి భాగాలను తినేస్తుంది. పంపు ఆపాక కాసేపు గేజీ కదలకుండా నిలిస్తేనే ముందుకు పోవాలి.

తర్వాత తూకం. మీ బండికి ఎన్ని గ్రాముల గ్యాస్ పట్టాలో బానెట్ కింద స్టిక్కరు మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. గేజీ ఒక్కటే చూసి పట్టించడం మన ఎండల్లో మోసం చేస్తుంది. ఆర్-134ఏ గ్యాస్ బండి ఆగి ఉన్నప్పుడే 40 డిగ్రీల వేడికి 130 పీఎస్ఐ దాటుతుంది. అదే గ్యాస్ 25 డిగ్రీలకైతే 80 పీఎస్ఐ చుట్టుపక్కలే చూపిస్తుంది. అందుకే మొత్తం ఖాళీ చేసి, కాటా మీద తూచి ఎక్కించడమే సరైన పద్ధతి. "ఇంకాస్త పట్టించు, ఇంకా చల్లగా వస్తాది" అనొద్దు. ఎక్కువైతే ప్రెషరు పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. తక్కువైతే ఆయిల్ సరిగా తిరగక అదే కంప్రెసర్ పట్టేస్తుంది. కంప్రెసర్ మార్చే ఖర్చు ముందు ఓ-రింగు ఖర్చు ఎంత?

సిలిండరు మీద పేరు కూడా చదవండి. చవకగా వస్తుందని వంటగ్యాస్ లాంటి మండే గ్యాసులు కలిపిన సరుకు ఎక్కిస్తే, క్యాబిన్‌లో లీకైనప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. పాత గ్యాస్‌ను గాలిలోకి వదలనివ్వకండి. ఒక కిలో ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. దాన్ని లాగి దాచుకునే రికవరీ మిషన్ ఉన్న షెడ్డుకే పోండి.

2025 నుంచి కొత్త పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. మూడున్నర టన్నుల లోపు పికప్‌లు ఆ నిబంధనలో లేవు, పాత బండ్ల ఊసే లేదు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప దాకా మిట్టమధ్యాహ్నం లోడు తోలే మనిషికి ఏసీ సోకు కాదు. ఎండ దెబ్బకు కళ్లు తిరిగితే స్టీరింగు ఎవరు పట్టుకుంటారు?

ఈసారి షెడ్డుకు పోతే గ్యాస్ రేటు తర్వాత అడుగుదురు గాని, ముందు ఇది అడగండి: "అన్నా, లీకు యాడుంది?"