పాంబన్ వంతెన: కొత్తదైతే సరిపోదు

రామేశ్వరం వెళ్ళే రైళ్ళు ఇప్పుడు కొత్త వంతెన మీద నడుస్తున్నాయి. ప్రధాని నరేంద్ర మోదీ 2025 ఏప్రిల్ 6న దాన్ని ప్రారంభించారు. మన రెండు రాష్ట్రాల నుంచి కూడా ఏటా ఎందరో ఈ దారిన వెళ్తుంటారు గనుక ఈ విషయం మనకు దూరమైనదేమీ కాదు.

పాత వంతెన 1914లో మొదలైంది. రెండు కిలోమీటర్లకు పైగా పొడవు. ఓడ వచ్చినప్పుడు నడిమి భాగం రెండు రెక్కలుగా విడిపోయి పైకి లేచేది. మనుషులే చేతులతో తిప్పి దాన్ని లేపేవారు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి దగ్గర రైలు సముద్రం పాలై వందమందికి పైగా చనిపోయారు. అదే తుపానులో వంతెన గడ్డర్లు చాలావరకు కొట్టుకుపోయాయి. ఇ.శ్రీధరన్ అనే యువ ఇంజనీరు నాయకత్వంలో 46 రోజుల్లో దాన్ని మళ్ళీ నిలబెట్టారు. అంతటి వంతెనను చివరికి ఓడించింది ఉప్పుగాలి. ఎత్తే భాగంలో తుప్పు ముదరడంతో 2022 డిసెంబరులో రైళ్ళను పూర్తిగా ఆపేశారు. రెండేళ్ళకు పైగా ప్రయాణికులు ఇవతలి ఒడ్డునే దిగి, మూటాముల్లె మోసుకుని, రోడ్డు వంతెన మీదుగా ద్వీపానికి చేరుకోవలసి వచ్చింది. అది కష్టమే. అయినా ఆపడమే సరైన పని అని మేము భావిస్తున్నాము. ప్రమాదం జరిగాక విచారణ వేయడం కన్నా ముందే రైలు ఆపడం మేలు.

కొత్త వంతెనకు 500 కోట్ల రూపాయలకు పైగా ఖర్చయింది. 72.5 మీటర్ల పొడవున్న నడిమి భాగం మోటార్ల సాయంతో లిఫ్టులాగా నిటారుగా 17 మీటర్లు పైకి లేస్తుంది. ముందుముందు రెండో లైను వేసుకోవడానికి వీలుగా పునాదులు కట్టారు. ఇది మన ఇంజనీర్ల, కార్మికుల ఘనత. మెచ్చుకోవలసిందే.

అయితే ప్రారంభోత్సవ సందడిలో ఒక సంగతి మరుగున పడింది. 2024 నవంబరులో రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ చేసి, ఈ వంతెన ప్రణాళిక దశ నుంచే లోపాలున్నాయని నివేదికలో రాశారు. రైల్వేకు చెందిన పరిశోధనా సంస్థ ప్రమాణాలను నడిమి భాగం విషయంలో పాటించలేదన్నారు. తుప్పు నివారణ గురించి కూడా హెచ్చరించారు. రైళ్ళకు అనుమతి ఇస్తూనే వేగాన్ని గంటకు 75 కిలోమీటర్లకు, నడిమి భాగం మీద 50కి పరిమితం చేశారు. రైల్వే శాఖ డిజైనును సమర్థించుకుంది. ఐఐటీ నిపుణులు దాన్ని సరిచూశారని చెప్పింది. పరిశీలనకు ఒక కమిటీని కూడా వేసింది.

ఎవరి మాట సరైనదో తేల్చే నైపుణ్యం మాకు లేదు. కానీ ఒకటి మాత్రం చెప్పగలము. పాతదాన్ని తిన్న తుప్పే కొత్తదాని కోసమూ కాచుకుని ఉంది. అందుకే కమిటీ ఏమి తేల్చిందో, లోపాలను ఎంతవరకు సరిదిద్దారో రైల్వే శాఖ ప్రజలకు వివరంగా చెప్పాలి. తనిఖీకి, రంగుకు, గ్రీజుకు ఏటా తప్పక డబ్బు కేటాయించాలి. ఆ నీటి మీదే బతికే పాంబన్, తంగచ్చిమడం జాలరులు వంతెనలో తేడా కనిపించిందని చెబితే వినే అధికారి ఉండాలి. వారిలో మన క్రైస్తవ కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి.

మన ఊళ్ళలోనూ ఇదే తీరు. కల్వర్టయినా, బడి భవనమైనా, మన ప్రార్థనా మందిరమైనా సరే, శిలాఫలకం మీద ప్రారంభించినవారి పేరుంటుంది. ఏటా పగుళ్ళు చూసి సున్నం వేయించినవారి పేరు ఎక్కడా ఉండదు. “ఇక్కడ పగులుంది” అని చెప్పినవాడిని శుభకార్యానికి అడ్డొచ్చినవాడిగా చూస్తాము. ఆ చూపు మారాలి. లోపం చెప్పినవాడు కట్టడానికి శత్రువు కాడు. దాని మీద నడిచేవారికి అతడే మొదటి కాపలాదారు.

ఆ వంతెన దాటే ప్రతి ఒక్కరూ, దాని కిందుగా పడవ నడిపే ప్రతి జాలరీ క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకుంటున్నాము.