ఇ-కామర్స్ చదివితే ఉద్యోగం వచ్చేస్తుందా?

సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ నుంచి కబురు వచ్చినప్పుడు ముందు కవిత రాద్దామనుకున్నాం. కానీ పోయిన సంక్రాంతికి గుమ్మలక్ష్మీపురం వచ్చినప్పుడు బస్సు దిగీ దిగగానే ఇంటర్ చదువుతున్న తమ్ముళ్లు అడిగిన మాట మనసులో ఉండిపోయింది. "అన్నా, డిగ్రీలో ఇ-కామర్స్ తీసుకుంటే అమెజాన్‌లో ఉద్యోగం వచ్చేస్తాదా?" అప్పుడు టీ తాగుతూ ఏదో చెప్పి తప్పించుకున్నాం. అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాం.

మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేము. అమ్మానాన్నలకు తెలిసిన చదువు రెండే: టీచరు చదువు, పోలీసు చదువు. మేము ఇంటర్ ముగించింది 2020లో. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 వల్ల ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే దక్కేవి. మన పెద్దన్నలు, అక్కలు కొందరు ఆ దారినే నిలదొక్కుకున్నారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్ అయిందీ ఆ ఏడాదే. కరోనా రోజులు. సిగ్నల్ కోసం కొండెక్కి ఫోన్లో ఆప్షన్లు పెట్టుకున్నాం. కోర్సు పేరు ముందు 'ఇ' కనబడగానే ఇది కంప్యూటర్ ఉద్యోగమే అనుకున్నాం. ఏసీ గది, తిరిగే కుర్చీ!

మేము చేరిన కాలేజీలో (పేరెందుకులే) బి2బి, బి2సి నిర్వచనాలు బట్టీ పట్టించారు. మార్కులు బాగానే వచ్చాయి. కానీ మూడేళ్లలో ఒక్క వస్తువునైనా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టి చూపించలేదు.

ఇక ఉద్యోగాల సంగతి. 2019లో హైదరాబాద్‌లో అమెజాన్ 15 వేల మంది పనిచేసేంత క్యాంపస్ తెరిచింది. ఆ భవనం ఫొటో మా అందరి ఫోన్లలో ఉండేది. అందులోకి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఇంజనీర్లు, మంచి ఇంగ్లీషు వచ్చినవాళ్లు. బి.కాం. పట్టాతో మాకు ఎదురైన పనులు వేరు. గోదాములో సరుకు ఏరడం, ప్యాకింగ్, వాపసు వచ్చిన సరుకు లెక్క, ఫోన్లో కస్టమర్లకు జవాబు చెప్పడం, అమ్మకందారుల సరుకు వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం, ఇంటింటికీ డెలివరీ. వీటిలో చాలావాటికి డిగ్రీ అక్కర్లేదు. మాలో ఒకరు నగరం శివారు గోదాములో ఏడు నెలలు చేశారు. రోజంతా నిలబడే పని, గంటకు ఇన్ని వస్తువులని లెక్క. జీతం కాగితం మీద కాంట్రాక్టరు పేరే తప్ప కంపెనీ పేరు లేదు. పీఎఫ్ సంగతి అడిగితే వచ్చే నెల అన్నారు. ఆ వచ్చే నెల రాలేదు.

ఆ పని తక్కువదని మేము అనడం లేదు. పోడు కొట్టిన ఇళ్ల పిల్లలం, ఏ పనినీ తక్కువగా చూడం. కానీ డిగ్రీకి మూడేళ్లు పెట్టి, ఆ డిగ్రీ అడగని పనికి వెళ్లాల్సి వస్తే ఆ మూడేళ్లు ఎవరి ఖాతాలో రాయాలి? 2020-21లో దేశంలో ఇలాంటి యాప్ పనులు, గిగ్ పనులు చేసేవాళ్లు 77 లక్షలని, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలవుతారని 2022లో నీతి ఆయోగ్ చెప్పింది. వీళ్లను తొలిసారి చట్టంలో గుర్తించిన 2020 నాటి సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. చేరేముందు కాగితం చదవండి. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

మరైతే ఆ చదువు దండగా? కాదనే మా అభిప్రాయం. దాని విలువ మాకు తెలిసింది కాలేజీలో కాదు, మన కొండచీపుర్ల దగ్గర.

పీజీలో ఉండగా ఒకసారి సరదాగా లెక్క వేశాం. సంతలో షావుకారు అడిగిన ధరకు ఇచ్చేసే చీపుర్లను మనమే ఆన్‌లైన్‌లో పెడితే? పది చీపుర్ల కట్ట 100 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు అనుకుందాం. చాలా కొరియర్ సంస్థలు ఈ మూడింటినీ గుణించి 5000తో భాగిస్తాయి. 50,000ను భాగిస్తే 10. అంటే కట్ట కాటా మీద నాలుగు కిలోలే తూగినా పది కిలోల చార్జీ కట్టాలి! లాభమంతా అక్కడే పోయింది. అదే చింతపండో పసుపో అయితే ఈ బాధ లేదు, చిన్న డబ్బాలో బరువు కూరుకుంటుంది. కానీ తినే సరుకు కనుక ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. ఇక జీఎస్టీ. వేరేవాళ్ల వెబ్‌సైట్లో సరుకు అమ్మాలంటే ఎంత చిన్నవాళ్లకైనా ఆ నంబరు ఉండాలనేవారు. 2023 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలోపల మాత్రమే అమ్ముకునే చిన్నవాళ్లకు ఆ నిబంధన సడలింది. ఇది మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

ఈ లెక్క వేయగలవాడే మా దృష్టిలో ఇ-కామర్స్ చదివినవాడు. అలాంటివాళ్లు మన దగ్గరే కావాలి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. వన్ ధన్ కేంద్రాలు 2018 నుంచి వచ్చాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకు ముందే 2017లో పారిస్‌లో ఆ పేరుతో దుకాణం తెరిచారు. మన జీడిపిక్కలకు, చింతపండుకు ఫొటో తీసి, తూకం వేసి, ధర కట్టి, వాపసులు చూసుకునే పనికి కొండ పిల్లలనే తీసుకోమని అడగడం అత్యాశేమీ కాదు. మన్యం జిల్లా వచ్చి నాలుగేళ్లయింది. అడగాల్సిన ఆఫీసులు ఇప్పుడు పార్వతీపురంలోనే ఉన్నాయి. పూర్వ విద్యార్థి అన్నలు సంతకాలు పెడితే వినతిపత్రం మేము రాస్తాం.

కోర్సు తీసుకోవాలనుకునే తమ్ముళ్లు పేరు చూసి మోసపోవద్దు. అకౌంట్స్ గట్టిగా ఉన్నచోట చేరండి, ట్యాలీ, ఎక్సెల్ చేతికి అలవాటు చేసుకోండి. హిందీకి సిగ్గుపడొద్దు, కస్టమరు ఏ భాషలో తిడతాడో మనం చెప్పలేం. గ్రూప్స్‌కు చదువుతామంటే చదవండి, రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

వేసవి సెలవులకు ముందు ఒక ఆదివారం మేము హాస్టల్‌కు వస్తాం. ల్యాప్‌టాప్ మాది. ఒక చీపురు కట్ట, కొలత టేపు మీరు సిద్ధంగా ఉంచండి. కట్టను విరగకుండా పొట్టిగా చేసే ఉపాయం ఎవరికైనా తోస్తే అది మాకంటే ముందు మీ అమ్మకు చెప్పండి, చీపుర్లు కట్టేది ఆవిడే కదా.