ఒకే దినాన: జూలై 8

ఆఫీసులో సర్వీసు రిజిస్టర్లు చూసే గుమాస్తాలం గనుక, పుట్టిన తేదీ అనే గడి మా కంటికి బాగా అలవాటు. పాతకాలపు ఉద్యోగుల పుటలు తిరగవేస్తే అందులో ఒక వింత కనబడుతుంది. లెక్కకు మించినంతమంది జూన్ మాసంలోనే పుట్టినట్లుంటారు. బడులు తెరిచే మాసం అది. బిడ్డను చేర్చేనాడు పంతులుగారు వేసిన తేదీయే వారి పుట్టినరోజై కూర్చున్నది. మన పెద్దలకు తేదీతో పనేమున్నది? నక్షత్రం తెలిస్తే చాలు. మాసం అడిగితే తమిళ లెక్కలో ఆని అనో ఆడి అనో చెప్పేవారు.

అందుచేత, నిక్కమైన తేదీ దొరికిన పెద్దలను మరచిపోకూడదని మా కోరిక. ఆ మాట మీదనే మేము ఒక దినం తలదించుకొనవలసి వచ్చింది. మా అక్క కొడుకు బడి నుంచి వచ్చి, "ఇవాళ గంగూలీ పుట్టినరోజు, మామా!" అన్నాడు. ఆనాడు జూలై 8. సౌరవ్ గంగూలీ 1972లో ఆ తేదీన పుట్టిన మాట నిజమే. "మన ఊరి పెద్దాయనది కూడా ఈ దినమేరా" అన్నాము. "ఎవరది?" అన్నాడు. పేరు చెప్పాము. "మాకెవరూ చెప్పలేదే!" అన్నాడు. తప్పు వానిది కాదు గదా. ఇంట్లో చెప్పవలసినవారము మేమే.

కనుక ఈ మాసం జూలై 8 కథ.

1898లో ఆ దినాన మన రాజపాళయంలో పూసపాటి సంజీవి కుమారస్వామి రాజాగారు జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోగా అవ్వ పెంపకంలో పెరిగారు. కాంగ్రెసులో చేరి, స్వాతంత్ర్యోద్యమంలో చెరసాల చూచి, 1949 ఏప్రిల్‌లో చెన్నరాజధానికి ప్రధానమంత్రి అయ్యారు. ఆ రోజులలో రాష్ట్రపు పెద్దను అట్లాగే పిలిచేవారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి రాగానే అదే పదవికి ముఖ్యమంత్రి అని పేరు వచ్చింది. ఆ విధంగా చెన్నరాష్ట్రపు మొట్టమొదటి ముఖ్యమంత్రి మన ఊరివారే.

ఇప్పుడు చదువరులు మాతో కూడ ఒక చిన్న కూడిక వేయవలెను. 1949 జూలై 8న రాజాగారికి 51 ఏండ్లు నిండినవి. పదవికి వచ్చి మూడు మాసాలు. సరిగా ఆ దినాననే ఆయన ఏలుబడిలోని కడప జిల్లాలో ఒక మగబిడ్డ పుట్టాడు. ఆ బిడ్డయే యెడుగూరి సందింటి రాజశేఖరరెడ్డి. 2004 మేలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. 2009 సెప్టెంబరు 2న నల్లమల అడవులలో హెలికాప్టరు కూలి, పదవిలో ఉండగానే కన్నుమూశారు. మూడవవారు కలకత్తాలో పుట్టిన జ్యోతి బసుగారు. ఆయన జననం 1914 జూలై 8. 1977 నుంచి 2000 వరకు, 23 ఏండ్లకు పైగా, పశ్చిమ బెంగాలుకు ముఖ్యమంత్రి. ఒకే తేదీకి ముగ్గురు ముఖ్యమంత్రులు!

ఇది గ్రహబలమా అని అడిగేవారుంటారు. కాదనే మా మనవి. అదే తేదీన పుట్టినవారు లక్షలమంది ఉంటారు. అందరికీ గద్దెలు దొరకలేదు. తేదీ మనిషిని చేయదు. కాని వేరువేరు పుటలలో ఉన్నవారిని పక్కపక్కన కూర్చోబెట్టి చూపిస్తుంది.

అట్లా చూస్తే మనకు కనబడేది ఇది. కడప బిడ్డ పుట్టిన నేల ఏడేండ్లలో నాలుగు రాష్ట్రాల పేర్లు చూచింది. 1949లో చెన్నరాజధాని, 1950లో చెన్నరాష్ట్రం, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. ఆ మార్పుకు తొలి లెక్కలు వేసిన విభజన సంఘానికి 1949లో అధ్యక్షులు ఎవరనుకొన్నారు? మన కుమారస్వామి రాజాగారే. చెన్నపట్నం విషయమై ప్రకాశం పంతులుగారు అసమ్మతి రాశారు. పని అక్కడ నిలిచిపోయింది. పొట్టి శ్రీరాములుగారు 58 దినాలు నిరాహారులై 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన పిమ్మట గాని రాష్ట్రం రాలేదు.

ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి, తమిళ జిల్లా మనిషి, ఆ సంఘంలో పెద్దగా కూర్చున్నారు. గీత ఎక్కడ గీసినా మన ఊరు ఇవతలనే ఉంటుంది. అటువారికి రాష్ట్రం వచ్చింది. మనకు ఇల్లే మిగిలింది. మన తెలుగుకు సరిహద్దు వంటగది గడపే. ఈ సంగతి తలచుకొన్నప్పుడల్లా ఆ కుర్చీ ఎంత బరువైనదో అనిపిస్తుంది.

గెలుపు ఎల్లకాలం నిలువదు. 1952 ఎన్నికలలో రాజాగారు పక్కనున్న శ్రీవిల్లిపుత్తూరులో ఓడిపోయారు. పదవి రాజాజీగారికి పోయింది. తరువాత 1954 నుంచి 1956 వరకు ఒరిస్సా గవర్నరుగా ఉండి, 1957 మార్చిలో పరమపదించారు. సొంత ఇంటిని గాంధీ కలై మన్రానికి ఇచ్చివేసిన మనిషి. పదవిని జనం తీసుకొన్నారు; ఇంటిని ఆయనే ఇచ్చారు. రెండింటిలో ఏది నిలిచిందో చదువరులే చెప్పవలెను.

ఆ దినపు తక్కిన పద్దులు కూడ కొన్ని. 1497 జూలై 8న వాస్కో డ గామా లిస్బను రేవు విడిచి మన దేశానికి దారి పట్టాడు. 1822లో ఆంగ్లకవి షెల్లీ 29 ఏండ్ల వయస్సులో ఇటలీ సముద్రంలో మునిగిపోయాడు. 2007లో మాజీ ప్రధాని చంద్రశేఖర్‌గారు ఢిల్లీలో కాలం చేశారు. ఆయన 1983లో కన్యాకుమారి నుంచి ఢిల్లీ దాకా నడిచినవారు. రాజశేఖరరెడ్డిగారు 2003లో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచినవారు. ఒక పాదచారి పుట్టినరోజు మరొక పాదచారి కడపటి రోజు అయింది. 2011లో అట్లాంటిస్ అనే అమెరికా అంతరిక్ష విమానం కడసారి పైకి లేచింది. ఆ వరుస విమానాలు మరి ఎగరలేదు.

ఇక మా మనవి ఒకటి. ఈ సంచిక ఇంటికి చేరిననాడు, పెద్దవారి పక్కన కూర్చుని వారి పుట్టిన మాసం, నక్షత్రం, ఊరు, తల్లిదండ్రుల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. తేదీ తెలియకపోతే ఆ ఏడు వచ్చిన వాననో, జరిగిన పెండ్లినో గుర్తుగా వేయండి. తెలుగు అక్షరాలు వచ్చిన చేతితో రాయించండి. రాని పిల్లలను పక్కన కూర్చోబెట్టండి. మా అక్క కొడుకు చేత మేము ఆ పని మొదలుపెట్టించాము. "జూలై 8, కుమారస్వామి రాజా, మన ఊరు" అన్నది వాని మొదటి పంక్తి. 'స్వా' ఒత్తు తప్పింది. దిద్దించాము.

వచ్చే మాసం మరొక దినం.