దీపమా, మిరుమిట్లా?



“బండికి దీపం వెలుగుతోంది కదా, ఇక పరీక్ష ఎందుకు?” అనేవారికి ఈ నాలుగు మాటలు.

మా భోగాపురం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన చీకటి పడ్డాక నడిచి చూడండి. ఎదురుగా వచ్చే మోటారు సైకిలు వెలుగు సూటిగా కళ్లలో గుచ్చుకుంటుంది. ముందు పోయే మరో బండికి వెనుక ఎర్రదీపమే ఉండదు. ఒకటి మనకు చూపు లేకుండా చేస్తుంది, మరొకటి తానే కనబడకుండా పోతుంది.

నియమం లేక కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 106వ నియమం ఏమంటోంది? దీపానికి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడికి, నేలకు మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు గొలపరాదని. మీటరున్నర ఎత్తంటే దాదాపు నడిచిపోయే మనిషి కన్నే కదా! కాని సొంత బండి రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్లు. అది తీరి, పునరుద్ధరణకు వెళ్లినప్పుడే బ్రేకు ఇన్‌స్పెక్టరు గారి పరీక్ష. అంతదాకా ఆ కంటికి దిక్కెవరు?

2017 ఏప్రిల్ నుండి కొత్త బండ్లకు ఇంజనుతోపాటే ముందుదీపం వెలగడం తప్పనిసరి చేశారు. మంచిదే. అయితే పైకి తిరిగిన హెడ్‌లైటును, బజారులో కొని బిగించిన ఎల్.ఇ.డి. బల్బును ఆ ఏర్పాటు సరిదిద్దగలదా?

పొగ పరీక్షకు ఎలాగూ వెళుతున్నాం. అక్కడే బండిని గోడ ముందు నిలిపి వెలుగు ఎక్కడ పడుతోందో, డిమ్ము, బ్రేకు లైటు, ఇండికేటర్లు పనిచేస్తున్నాయో లేదో చూడమనండి.

“పేదవాడిపై మరో భారమా?” అంటారేమో. బండి కూడా లేక కాలినడకన పోయేవాడు అంతకన్నా పేదవాడు. కళ్లు బైర్లు కమ్మేది అతనికే.