ఓపీ వరుస దగ్గర పది రోజులు

డాక్టరవ్వాలని ఉన్న మా పక్కింటి అమ్మాయి, పదో తరగతి పరీక్షలయ్యాక పది రోజులు ప్రభుత్వాసుపత్రికెళ్లి చదువురాని పెద్దవాళ్లకు ఓపీ చీటీలు రాయించిపెట్టింది. రక్తం చూసి భయపడలేదు గానీ, ఒకే ప్రశ్నకు వందసార్లు ఓపిగ్గా జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆలోచనలో పడిందట. స్వచ్ఛంద సేవ పిల్లలకు జాలి నేర్పుతుందంటారు అందరూ. నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించేది ఇదే: ఒక వృత్తిలోని విసుగును తాను మోయగలనా అని పదిహేనేళ్లకే తెలుసుకోవడం. తెల్లకోటు ఎవరికైనా నచ్చుతుంది; మధ్యాహ్నం రెండైనా తరగని వరుస కొందరికే నచ్చుతుంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల్ని పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి దగ్గర పని నేర్చుకోమంది. మంచి మాటే. కానీ మన దగ్గర ఎంపీసీయా, బైపీసీయా అన్న ముడి పడేది పదో తరగతి దాటాక. కాలేజీ పీఆర్వోలు గుమ్మంలోకి వచ్చే ఆ వేసవిలోనే పిల్లలకు ఇంకో పది రోజులు కావాలి, మార్కులూ సర్టిఫికెట్లూ లేని పది రోజులు. ఆ అమ్మాయి బైపీసీలోనే చేరింది, నర్సింగ్ చదువుతానంటోంది. రోగి పక్కన ఎక్కువసేపు నిలబడింది నర్సులేనని కళ్లారా చూశానంటుంది. వాళ్ల నాన్న ఇంకా ఒప్పుకోలేదు.