నిరాకరణపత్రము

పింఛను లేదని కార్యాలయమునుండి జాబు వచ్చినచో, మన వృద్ధోపాధ్యాయుఁడు దానిని మడచి పెట్టెలో దాచును. పెద్దలు కాదనినదానిని మరల నడుగుట ఆయనకు మర్యాదగాఁ దోఁపదు. తరగతిలో పౌరహక్కులు బోధించినదియు ఆయనయే!

బీహారు విద్యాశాఖోద్యోగి దేవకీనందన ప్రసాదు అట్లు ఊరకుండలేదు. అయిదేండ్లకు మించి విధులకు రానందున ఉద్యోగమే పోయెనని ప్రభుత్వము పింఛను నిరాకరింపఁగా, నేరుగ సుప్రీంకోర్టు నాశ్రయించెను. సంజాయిషీ కవకాశ మీయక ఉద్యోగము పోయెననుట చెల్లదనియు, పింఛను సర్కారు దయాభిక్ష కాక ఉద్యోగి ఆస్తియే యనియు 1971లో తీర్పు వచ్చెను. 1982లో నకారా వ్యాజ్యమునను, పింఛను దయాదానము కాదన్న మాటయే నిలిచినది.

వ్యాజ్యమునకు వ్యయము, కాలహరణము తప్పవు, కాదనను. దేవకీనందనునకు సైతము న్యాయస్థానము పైకము చేతఁ బెట్టలేదు. ఆయన కోరికను చట్టానుసారము మరలఁ బరిశీలింపుఁడని ప్రభుత్వమును ఆజ్ఞాపించెను. అయినను, ఏ నియమముచేఁ గాదంటిరో వ్రాసి తెలుపుఁడని కార్యాలయము నడుగుటకు వకీలేల?