ఊరి చుట్టూ ఒక ప్రదక్షిణ

పౌర్ణమి దగ్గర పడిందంటే మన ఇళ్లలో అరుణాచలం మాట మొదలవుతుంది. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది. పక్కింటివాళ్లూ పై పోర్షన్‌వాళ్లూ కలిసి టికెట్లు తీసుకుంటారు. అక్కడ కొండ చుట్టూ 14 కిలోమీటర్లు రాత్రిపూట నడిచి వస్తారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం వెళ్లేవాళ్లయితే ఏకంగా 32 కిలోమీటర్లు. తిరిగొచ్చాక రెండు రోజులు కాళ్లకు వేడినీళ్లు, నొప్పుల మందు. ఆ తర్వాత పాలప్యాకెట్ కోసం వీధి చివరిదాకా వెళ్లాలన్నా స్కూటీయే!

భక్తిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. నెలకో ఏడాదికో ఒక్కసారి అంత దూరం నడవగలిగిన కాళ్లు మిగతా రోజుల్లో ఎందుకు నడవడం లేదన్నదే మా ప్రశ్న. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు, కాస్త వేగంగా నడవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో దాదాపు సగం మంది పెద్దలు ఆ మాత్రం కూడా కదలడం లేదు. మగవాళ్లలో 42 శాతం అయితే ఆడవాళ్లలో 57 శాతం. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

మనకు తెనాలిలో కొండ లేదు. విజయవాడ రైలెక్కి దుగ్గిరాల దాటితే మంగళగిరి కొండ కనిపిస్తుంది, అంతే. మనకున్నవి కాల్వలు. ఊరి మధ్య నుంచే మూడు పారుతున్నాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చిన కృష్ణ నీరు దుగ్గిరాల లాకుల దగ్గర చీలి మన వైపు వస్తుంది. కాల్వ ఉన్నచోట గట్టుంటుంది, గట్టు పక్కన పొలముంటుంది. ఊరి శివార్లలో ఇల్లున్నవాళ్లకు అంగలకుదురు వైపో, కఠెవరం వైపో, నందివెలుగు వైపో కాసేపు నడిస్తే చాలు, పచ్చదనం ఎదురవుతుంది. ఊరి నడుమ ఉండేవాళ్లు అక్కడిదాకా బండి మీద వెళ్లి, బండి పెట్టి నడిచినా తప్పులేదు.

చేయాల్సింది పెద్దగా ఏం లేదు. ఒక గట్టున కిలోమీటరున్నర వెళ్లండి. అక్కడికి దగ్గర్లో వంతెన దాటి, రెండో గట్టున వెనక్కి రండి. మొత్తం మూడు కిలోమీటర్లు, మామూలు నడకకు 35 నుంచి 40 నిమిషాలు. వెళ్లిన దారినే తిరిగొస్తే సగంలోనే వెనుదిరగాలనిపిస్తుంది. చుట్టు తిరిగే దారిలో ఆ వెసులుబాటు ఉండదు, వంతెన దాటాక ఇంటికి రావాలంటే నడవాల్సిందే. నెలకు ఇరవై రోజులు అలా తిరిగితే 60 కిలోమీటర్లు, నాలుగు అరుణాచల ప్రదక్షిణలకు పైనే. ఎంత వేగంగా అంటారా? పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడబోతే ఆయాసం రావాలి. అది సరైన వేగం.

పార్కులో అదే సిమెంటు బాట మీద పదిసార్లు తిరగడం కొందరికి విసుగు. పొలం దారి ఏ నెలకా నెల మారిపోతుంది. ఆగస్టులో నాట్లు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు. కోతకు రెండు మూడు రోజుల ముందు పైరులోనే మినుములు చల్లే రైతు కనిపిస్తే పిల్లలకు చూపించండి. వరి కోసేసరికి మినుము మొలిచి ఉంటుంది. నేల దున్నే పనే లేదు. ఇప్పుడు మినుముకు బదులు మొక్కజొన్న, జొన్న వేసేవాళ్లు పెరిగారు. మనం రోజూ తినే ఇడ్లీ పప్పు ఎక్కడ పండుతుందో తెలియని పిల్లలు తెనాలిలోనూ ఉన్నారంటే మనకే నవ్వొస్తుంది!

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. షుగర్ ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా నడవకండి, ప్రదక్షిణకు వెళ్లినా సరే. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు బొబ్బ లేచినా తెలియదు, అది పుండై వేలు తీసేసేదాకా రావచ్చు. ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోండి. మొక్కు ఉందంటే మీ డాక్టరును అడిగాకే బయల్దేరండి. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు జేబులో గ్లూకోజు పొడి ఉంచుకోవాలి. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టున్నా, ఎడమ చెయ్యి లాగినా అక్కడే ఆగి సాయం పిలవండి. గ్యాస్ అనుకుని ఊరుకోవద్దు.

మందు కొడుతున్న చేను పక్కకు వెళ్లకండి. గడ్డి తగలబెట్టే రోజుల్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంట్లో ఉండటమే మేలు. వానాకాలంలో గట్ల మీద పాములుంటాయి, చీకట్లో టార్చి లేకుండా అడుగు పెట్టొద్దు. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, పసరు పోయడం అన్నీ మానేసి, కాలు కదపకుండా వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. విషానికి విరుగుడు మందు ఉండేది అక్కడే.

ఇక 57 శాతం సంగతి. ఆడవాళ్లు నడవకపోవడానికి బద్ధకం కారణం అనుకునే మగవాళ్లు ఒక్కసారి తెల్లవారుజామున అయిదింటికి గట్టు మీద నిలబడి చూడాలి. దీపం ఉండదు, కుక్కలుంటాయి, ముందు రాత్రి తాగి పారేసిన సీసాలుంటాయి. వెలుతురు వచ్చేసరికి ఇంట్లో టిఫిను, క్యారేజీలు, స్కూలు బస్సు. ఆమె నడవాలంటే ఆ అరగంట పొయ్యి దగ్గర ఇంకొకరు నిలబడాలి. నడక బూట్లు కొనివ్వడం కన్నా అదే ముందు కావాలి. భోజనం చేసిన కాసేపటికి పది, పదిహేను నిమిషాలు నడిచినా షుగర్ పెరుగుదల తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి పొద్దున కుదరనివాళ్లు రాత్రి భోజనమయ్యాక వీధిలోనే ఒక చుట్టు తిరిగి రావచ్చు.

మునిసిపాలిటీ, నీటిపారుదల శాఖ, పంచాయతీలు కలిసి ఊరికి ఒక్క చుట్టు దారి ఎంచుకోవచ్చు. టైల్స్, విగ్రహాలు, ఓపెన్ జిమ్ ఏమీ అక్కర్లేదు. రెండు గట్ల మీదా దీపాలు వేసి, ముళ్లకంప కొట్టి, చెత్త బళ్లు అక్కడ దింపకుండా చూస్తే చాలు. మీ వార్డు కౌన్సిలర్‌ను, సర్పంచ్‌ను ఈ మాట అడగండి. పది ఇళ్లవాళ్లు కలిసి వెళ్తే కాదనడం కష్టం.

ఈలోగా ఆదివారం ఉండనే ఉంది. కాస్త తెల్లవారాక, ఆరింటికి, ఇంటిల్లిపాదీ బయల్దేరండి. తాతగారు అంత దూరం రాలేకపోతే వంతెన దగ్గర కూర్చోబెట్టండి, వచ్చేటప్పుడు కలుపుకోవచ్చు. దారిలో బడ్డీ కొట్టు దగ్గర టీ తాగాలనిపిస్తే తాగండి, పంచదార మాత్రం వద్దని చెప్పండి.